ఇద్దరి మీద ఉంచిన బాధ్యత

పఠన భాగము: లూకా 12:13–15



అన్న బరంపురములో, చెల్లెలు షోలాపూరులో ఉన్నారనుకొందము. తండ్రి తన వీలునామాలో ఇద్దరినీ ఎగ్జిక్యూటర్లుగా నియమించి ప్రభువునందు నిద్రించెను. భూస్థాపన జరిగిన మరునాడే, "బ్యాంకు పుస్తకము ఎవరి దగ్గర ఉన్నది?" అను మాట పుట్టెను. ఇట్టి కుటుంబములు మన మధ్య లేకపోలేదు.

1. ఎగ్జిక్యూటరు యజమాని కాడు. ఆస్తి అతని చేతికి వచ్చునది తన కొరకు మాత్రమే కాదు. అప్పులవారి కొరకు, వీలునామాలో పేరున్న వారందరి కొరకు.

2. చట్టము చెప్పునది. మనకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. 2002 సవరణ తరువాత భారతీయ క్రైస్తవులకు ప్రొబేటు తప్పనిసరి కాదు. అయినను తీసికొన్నయెడల 6 నెలలలో ఆస్తుల జాబితా, సంవత్సరములో లెక్కలు కోర్టుకు అప్పగించవలెను. వీలునామాలో వేరుగా వ్రాయనియెడల, ప్రొబేటు పొందిన ఇద్దరిలో ఏ ఒక్కరైనను అధికారము వినియోగింపవచ్చును. కలహము పుట్టునది ఇక్కడే. ఒకరు చేసినది రెండవవారికి చాలా ఆలస్యముగా తెలియును.

3. చెల్లింపుల వరుస. మొదట భూస్థాపన ఖర్చులు, చివరి జబ్బు వైద్య ఖర్చులు. పిమ్మట ప్రొబేటు ఖర్చులు. ఆపైన మరణమునకు ముందు 3 నెలలలో పనిచేసిన పనివారి జీతపు బాకీ. తరువాత మిగిలిన అప్పులు. ఇవన్నియు తీరిన పిమ్మటనే పంపకము. ముందే నగలు పంచుకొని, తరువాత అప్పులవానికి ముఖము చాటువేయుట తండ్రి పేరుకు మచ్చ.

4. పని పంచుకొను విధము. ఊరికి దగ్గరనున్నవారు ఇంటి పన్ను, బ్యాంకు, కాగితముల పని చూడవలెను. దూరముననున్నవారు లెక్క వ్రాయవలెను. ప్రతి రశీదును ఫోనులో ఫొటో తీసి అదే దినమున పంపవలెను. వచ్చిన సొమ్మును సొంత ఖాతాలో కలుపక వేరుగా ఉంచవలెను. "ఆడపిల్లవు, సంతకము పెడితే చాలు" అని చెల్లెలికి ఖాళీ కాగితము పంపుట న్యాయము కాదు. భారము మోయలేనివారు పని మొదలుపెట్టకమునుపే వ్రాతపూర్వకముగా తప్పుకొనవచ్చును. అది అవమానము కాదు.

ఆస్తి పంచిపెట్టుమని అడిగినవానికి యేసు తీర్పరిగా ఉండుటకు ఒప్పుకొనలేదు. లోభమును గూర్చి హెచ్చరించెను. కాగితముల పని ఏడాదిలో ముగియవచ్చును. తోబుట్టువు మాత్రము ఆ తరువాత కూడ కావలెను.

ఆలోచించుటకు:

అ. మన వీలునామాలో ఇద్దరిని నియమించినయెడల, ఎవరి పని ఏదో వారికి బ్రతికియుండగానే చెప్పితిమా?

ఆ. నేను వ్రాసిన లెక్కను నా తోబుట్టువు ఈ రాత్రే అడిగినయెడల చూపగలనా?