రెండు సీట్లు చాలు, బుజ్జీ



పిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే బండ్లంటూ నువ్వు పంపిన మూడు వాగన్ల ఫోటోలూ చూశాను. సీమంతానికి మీ ఫ్రిస్కో స్నేహితులంతా కలిసి వాటిలో ఒకటి కొనిస్తామన్నారనీ, ఏది అడగాలో తేలడం లేదనీ రాశావు. అల్లుడుగారి మనసు నలుగురు పిల్లలు పట్టే వండర్‌ఫోల్డ్ డబ్ల్యూ4 మీద ఉందన్నావు. ఫోన్లో అయితే పెద్దాడి గొడవలో సగం మాటలు పోతాయి. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, ఆయన చేతా చదివించు.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండు సీట్లది, వెనక నుంచి తోసుకుంటూ వెళ్లగలిగేది, నువ్వొక్కదానివే కారులోకి ఎత్తిపెట్టుకోగలిగేది తీసుకో. నాలుగు సీట్లది వద్దు.

వాగన్ కొనేటప్పుడు ఎందరు కూర్చోవచ్చు, ఎంత సామాను పడుతుంది అని అందరూ చూస్తారు. దాన్ని రోజూ ఎత్తేదెవరు అని మాత్రం ఎవరూ అడగరు. నాలుగు సీట్ల బండ్లు ఖాళీగా ఉన్నప్పుడే 50 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటాయి, కొన్ని అంతకు మించే తూగుతాయి. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనామసూరి బస్తా ఎత్తుతావు కదా, అలాంటివి రెండున్నర ఒక్కసారిగా లేపి, డిక్కీ అంచు దాటించి లోపల పెట్టాలి. అదీ పెద్దాడు పార్కింగ్‌లో కార్ల మధ్యకు పరుగెత్తకుండా ఒక కన్ను వాడి మీద వేసి. నీకు మొదటి కాన్పు సిజేరియన్. ఈసారీ అదే అయితే కొన్ని వారాల పాటు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దంటారు డాక్టర్లు. ఆ వారాలు గడిచాక కూడా నడుము వెంటనే మునుపటిలా అవ్వదు. రెండు సీట్ల బండ్లలో 30 నుంచి 35 పౌండ్ల లోపు మంచివి దొరుకుతాయి. ఆ పదిహేను పౌండ్ల తేడా ఎంతో దుకాణంలో తెలియదు. ఆగస్టు ఎండలో, గ్రోసరీ సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీ కార్లలో ఒడిస్సీని అల్లుడుగారు ఆఫీసుకు తీసుకెళ్తారు. వారంలో ఐదు రోజులూ నీ చేతిలో ఉండేది కామ్రీ. డబ్ల్యూ4 మడిచాక కూడా పెద్ద వస్తువే, అది ఒడిస్సీలో పడుతుందని మురిసిపోతే లాభం లేదు, నీ కామ్రీలో పట్టాలి. కంపెనీ వాళ్లు మడిచిన తర్వాతి కొలతలు ఇస్తారు. ఆ పొడవు, వెడల్పు, ఎత్తుకు సరిపడా ఒక పాత అట్టపెట్టె కత్తిరించి టేపు వేసి, డిక్కీలో పెట్టి చూడండి. లోపల చోటున్నా డిక్కీ నోరు ఇరుకుగా ఉంటుంది, చాలామంది అక్కడే ఇబ్బంది పడతారు. చక్రాలు ఊడదీస్తేగానీ పట్టని బండి అయితే, రోజూ ఊడదీసి బిగించే ఓపిక నీకుంటుందా అని నిన్ను నువ్వే అడుగు.

ఇక పిల్లల భద్రత. ఇక్కడ మాత్రం ఎక్కడా రాజీ పడొద్దు.

అమెరికా పిల్లలకు వాగన్ కొత్త కాదు. ఇటలీ నుంచి వలస వచ్చిన ఆంటోనియో పాసిన్ అనే వడ్రంగి 1917లో షికాగోలో చెక్క బండ్లు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత రేకుతో చేసిన ఎర్ర బండి రేడియో ఫ్లయర్ పేరుతో ఇంటింటికీ చేరింది. మీ వీధిలో కూడా రెండు మూడు కనిపిస్తాయి. అది ఆట బండి. దాన్ని ఆట వస్తువుల ప్రమాణంతోనే చూస్తారు. స్ట్రోలర్ వాగన్‌గా అమ్మేది స్ట్రోలర్ల ప్రమాణానికి నిలబడాలి. ఆ ప్రమాణం పేరు ఏఎస్‌టీఎం ఎఫ్833. 2015 నుంచి అమెరికాలో స్ట్రోలర్లకు అది చట్టప్రకారం తప్పనిసరి. బ్రేకు పట్టి ఉంటుందా, బండి ఒరిగిపోతుందా, బెల్టు ఊడుతుందా, మడత తనంతట తాను జారుతుందా, బిడ్డ తల ఎక్కడైనా ఇరుక్కుంటుందా అన్నవన్నీ అందులో పరీక్షిస్తారు. చూడ్డానికి రెండు బండ్లూ ఒకలాగే ఉంటాయి, ఆన్‌లైన్‌లో పక్కపక్కనే చూపిస్తారు. తక్కువ ధరకు వచ్చిందని పేరు తెలియని బండి కొనకు. వివరాల్లో ఎఫ్833 అన్న మాట కనిపించకపోతే అది సామాను మోసుకునే బండి అనుకో, అందులో పిల్లల్ని ఎక్కించకు.

మడత దగ్గర పిల్లల వేళ్లు నలగడం గురించి గట్టిగా చెబుతున్నాను. 2009లో మెక్లారెన్ స్ట్రోలర్లు అమెరికాలో సుమారు 10 లక్షలు రీకాల్ చేశారు. మడత కీలులో పడి పిల్లల వేళ్ల కొసలు తెగిన ఫిర్యాదులు అప్పటికి 12 వచ్చాయి. ప్రమాణాలు ఆ తర్వాత బిగిశాయి, అది నిజమే. అయినా బండి తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ పెద్దాడు రెండడుగుల దూరంలో నిలబడాలి. వాడికి ఇప్పుడే ఆ అలవాటు చెయ్యి. మూడేళ్లవాడికి సాయం చేయాలని చెడ్డ సరదా.

బెల్టు రెండు రకాలుగా ఉంటుంది. నడుముకు అటూ ఇటూ, కాళ్ల మధ్య ఒకటి కలిపి మూడు చోట్ల పట్టేది ఒకటి. భుజాల మీద మరో రెండు చేర్చి ఐదు చోట్ల పట్టేది రెండోది. పేరున్న వాగన్లలో కూడా కొన్నిటికి మూడుచోట్ల బెల్టే ఉంటుంది. చంటిబిడ్డకు ఐదు చోట్లదే మేలు. వాగన్‌లో పిల్లలు ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి ఆటలో పడి లేచి నిలబడతారు, అంచు మీదికి వంగుతారు. అన్న లేస్తే చెల్లెలూ లేస్తుంది. బెల్టు పెట్టకుండా బండి కదలదని మొదటి రోజు నుంచే నియమం పెట్టుకో.

లాగే బండి, తోసే బండి అన్నదానికి వస్తే, రెండూ కుదిరేవి ఇప్పుడు దొరుకుతున్నాయి. నువ్వు పంపిన వాటిలో ఉన్న ఈవెన్‌ఫ్లో పివట్ ఎక్స్‌ప్లోర్ పిడి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరుగుతుంది. గడ్డి మీద, ఇసుకలో, గులకరాళ్ల దారిలో లాగడం తేలిక. ఏప్రిల్‌లో ఎన్నిస్ దగ్గర బ్లూబానెట్ పూలు చూడ్డానికి వెళ్తారు కదా, అలాంటి చోట లాగుతారు. మిగతా రోజుల్లో మాత్రం తోసుకుంటూ వెళ్లడమే మంచిది. లాగేటప్పుడు పిల్లలు నీ వీపు వెనక ఉంటారు, బెల్టు ఊడదీసుకున్నా, చెయ్యి బయట పెట్టి చక్రం పట్టుకోబోయినా నీకు కనిపించదు. పైగా ఒక చెయ్యి వెనక్కి మెలితిప్పి నడవాలి. సెప్టెంబరులో మీ అత్తగారు వస్తున్నారు. మనవణ్ని పార్కుకు తిప్పేది ఎక్కువగా ఆవిడే. ఆవిడ మోకాళ్లు, భుజాలు దృష్టిలో పెట్టుకో. పిడి ఎత్తు తగ్గించుకునే వీలుందా, బ్రేకు చెప్పు కాలితో ఒక్కసారి నొక్కితే పడుతుందా, తీసేటప్పుడు వేళ్లతో పైకి లాగాల్సి వస్తుందా అన్నది నువ్వు దుకాణంలో చెప్పులేసుకుని చూడు.

నీ మూడు ఫోటోల్లో వీర్ క్రూజర్ కూడా ఉంది. గట్టి బండి, అల్యూమినియం చట్రం, మట్టి పడితే నీళ్లతో కడిగేయొచ్చు. కానీ దాని ధర ఎక్కువ. ఎండకు పైన వేసే గొడుగు గుడ్డ కూడా విడిగానే కొనాలి. మీ డాలస్ ఎండకు గొడుగు లేని బండి నాకు నచ్చదు. జూలై, ఆగస్టుల్లో 100 ఫారెన్‌హీట్ దాటే ఊరది. బండి ఎండలో కాసేపు నిలిపితే బకిల్ కాలుతుంది, బిడ్డకు పెట్టేముందు చేత్తో తాకి చూడు. ఎండ పడుతోందని గొడుగు మీద దుప్పటి గానీ చున్నీ గానీ కప్పొద్దు. గాలి ఆగిపోయి లోపల వేడి పెరుగుతుంది. పక్కల జాలీ ఉన్న బండి అయితే గాలి ఆడుతుంది.

చంటిబిడ్డ సంగతి. వాగన్ సీటు ఆర్నెల్లు నిండిన తర్వాతే, అదీ ఆసరా లేకుండా స్థిరంగా కూర్చోవడం వచ్చాకే. ఆగస్టు చివర్లో పుట్టే బిడ్డకు ఆ వయసు మార్చి నాటికి వస్తుంది. కొన్ని బండ్లకు కార్‌సీట్ తగిలించే అడాప్టర్ అమ్ముతారు. అది కొనుక్కునే తొందర నీకు అక్కర్లేదు. అప్పటిదాకా చంటిబిడ్డను గుండెకు కట్టుకునే క్యారియర్‌లో వేసుకుని, పెద్దాణ్ని మీ పాత చిన్న స్ట్రోలర్‌లో కూర్చోబెట్టు. ఆ స్ట్రోలర్‌ను ఎవరికీ ఇచ్చేయకు, విమాన ప్రయాణాలకు అదే పనికొస్తుంది. స్ప్రింగ్ బ్రేక్‌లో ఓర్లాండో వెళ్దామనుకుంటున్నారుగా, డిస్నీ పార్కుల్లోకి వాగన్లను రానివ్వరు. తోసే స్ట్రోలర్ వాగన్ అయినా సరే. 2019 మే 1 నుంచి ఆ నియమం ఉంది, స్ట్రోలర్ కూడా 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించకూడదు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి రావడం పిల్లలతో చాలా కష్టం. విమానం టికెట్ కొనేటప్పుడు కూడా, గేటు దగ్గర ఏ సైజు బండి తీసుకుంటారో ఆ సంస్థనే అడుగు.

చంటిబిడ్డకు మార్చి దాకా వాగన్ పనికిరాదు, అందుకే సీమంతానికే బండి ఇచ్చేయనివ్వకు. జూలైలో కొన్నది మార్చిలో విప్పితే, వాపసు ఇచ్చే గడువు అప్పటికి దాటిపోతుంది. గ్యారంటీలో ఎనిమిది నెలలు పెట్టెలోనే కరిగిపోతాయి. చక్రం అరుస్తోందనో, బ్రేకు పట్టడం లేదనో అప్పుడు చెబితే ఎవరూ వినరు. స్నేహితుల్ని గిఫ్ట్ కార్డు ఇమ్మని అడుగు. అడగడానికి మొహమాట పడొద్దు, ఇచ్చేవాళ్లకూ తమ డబ్బు సద్వినియోగం కావాలనే ఉంటుంది.

మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో డబ్ల్యూ4 సగం ధరకు అమ్ముతున్నారని కూడా రాశావు. వాడిన బండి తప్పు కాదు. ముందు మోడల్ నంబరు, తయారైన తేదీ అడిగి తెలుసుకుని, వినియోగదారుల భద్రతా కమిషన్ సైట్‌లో రీకాల్ ఉందేమో చూడు. షికాగోలో డ్యానీ కీసర్ అనే పదహారు నెలల పసివాడు రీకాల్ అయిన తొట్టిలో ఇరుక్కుని 1998లో చనిపోయాడు. ఆ తొట్టి వాపసు పిలిచారన్న సంగతి వాణ్ని చూసుకునేవాళ్లకు చేరనే లేదు. 2008లో వచ్చిన చట్టంలో ఆ పిల్లాడి పేరున్న భాగం ఉంది. అందుకే స్ట్రోలర్ లాంటి వస్తువులతో రిజిస్ట్రేషన్ కార్డు ఇస్తారు. చాలామంది దాన్ని అట్టపెట్టెతో పాటు పారేస్తారు. నువ్వు మాత్రం బండి ఇంటికొచ్చిన రోజే నింపి పంపు. బండిలో లోపం బయటపడితే నీకే ఈమెయిల్ వస్తుంది.

ఒక్క మాట బండి గురించి కాదు, పిల్లాడి గురించి. మూడేళ్లవాడు నడవాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని స్ట్రోలర్‌లో గానీ, హైచెయిర్‌లో గానీ ఒక్కసారికి గంటకు మించి కట్టి కూర్చోబెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలట. బండి ఉంది కదా అని వాణ్ని ఇంటి గుమ్మం నుంచే ఎక్కించొద్దు. పార్కు దాకా నడవనివ్వు, తిరిగొచ్చేటప్పుడు అలిసిపోతే ఎక్కించు. వెళ్లేటప్పుడు ఆ ఖాళీ సీటులో నీళ్ల సీసాలు, డైపర్ సంచి పెట్టుకో. సంచులు పిడికి తగిలించకు, పిల్లలు దిగిన వెంటనే బండి వెనక్కి ఒరగొచ్చు.

నువ్వు పంపిన మూడింటిలో నా ఓటు ఈవెన్‌ఫ్లోకే. గొడుగులు దానితోనే వస్తాయి, తోయొచ్చు, లాగొచ్చు, ఒక్కో సీటులో 55 పౌండ్ల బిడ్డ దాకా కూర్చోవచ్చు. అయినా మార్చి దాకా ఆగి, ఇద్దరు పిల్లల్నీ వెంట తీసుకెళ్లి, దుకాణంలో కూర్చోబెట్టి, నువ్వే తోసి, నువ్వే మడిచి, నువ్వే ఎత్తి చూశాకే డబ్బు కట్టు. మడవడం అల్లుడుగారిని చూపించమనకు, నీ చేతుల్తో నువ్వే చెయ్యి. సీమంతం ఈ నెల్లోనే కాబట్టి స్నేహితులకు ఈ ఆదివారం లోపు ఫోన్ చేసి చెప్పెయ్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
ఎడిసన్, న్యూజెర్సీ