ఆన్‌లైన్ అంగడిలో సొంత గిరాకి సంపాదించుకోవడం ఎలా?

మన హాస్టల్‌లో చదివేవారిలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక చేతిపని ఉంటుంది. ఒకరి ఇంట్లో మగ్గం, ఒకరి ఇంట్లో వెదురు బుట్టలు, ఇంకొకరి ఇంట్లో చెప్పుల పని. సెల్‌ఫోను ఉంటే చాలు, వీటిని దేశమంతా అమ్మవచ్చని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. మాట నిజమే. కానీ సరుకు అమ్ముకోవడం వేరు, కొనేవారిని సంపాదించుకోవడం వేరు. ఈ తేడా మాకు నష్టపోయాకే తెలిసింది. మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ నష్టం రాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం.

మా అనుభవం

మాది భూదాన్ పోచంపల్లి దగ్గర ఒక పల్లె. మా కుటుంబంలో డిగ్రీ చదువు మాతోనే మొదలైంది. నాన్న చాలా ఏళ్లు షావుకారు ఇచ్చిన నూలు నేసి కూలి తీసుకునేవారు. తాను నేసిన చీర ఎవరు కట్టుకున్నారో, ఎంతకు కొన్నారో ఆయనకు తెలిసేది కాదు.

2021లో మేము బి.కాం.లో చేరాక నాన్న పేరున జి.ఎస్.టి. నంబరు తీసుకుని ఒక ఆన్‌లైన్ సంస్థలో చీరలు పెట్టాం. మా మగ్గంవి, బాబాయి మగ్గంవి కలిపి 14 నెలల్లో 96 చీరలు అమ్ముడయ్యాయి. ఇక షావుకారు బాధ తీరిందనుకున్నాం.

2022 దసరాకు ముందు కొందరు 'ఫోటోలో రంగు వేరు, చీర రంగు వేరు' అని చీరలు తిప్పి పంపారు. తప్పు మాదే. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలు అవి. సంస్థవారు మా ఖాతాను విచారణ పేరుతో 24 రోజులు ఆపారు. ఇంట్లో 17 చీరలు మిగిలిపోయాయి. మా పరీక్ష ఫీజు, నూలు బాకీ రెండూ ఆ డబ్బు మీదే ఉన్నాయి. 96 చీరలు అమ్మిన మా దగ్గర ఫోను చేసి 'కొత్త చీరలు వచ్చాయండీ' అని చెప్పడానికి ఒక్క నంబరు కూడా లేదు! మేము షావుకారును మార్చామే తప్ప, నాన్న పరిస్థితి మారలేదని అప్పుడు అర్థమైంది.

గిరాకి ఎవరిది?

మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2007లో, అమెజాన్ అంగడి 2013 జూన్‌లో, మీషో 2015లో మొదలయ్యాయి. ఇలాంటి వేదికలు ఊరు దాటని సరుకును ఊళ్లు దాటించాయి. నమ్మకం, చెల్లింపు, రవాణా వారే చూసుకుంటారు. ఆ పనికి రుసుము తీసుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు.

అయితే కొనేవారు నమ్మేది వేదికను, మనల్ని కాదు. పార్శిలు మీది చిరునామా ఆ సరుకు చేర్చడానికే. దాన్ని రాసిపెట్టుకుని ప్రచారానికి వాడటం కుదరదు. 'ఈసారి మా దగ్గరే నేరుగా కొనండి, తగ్గింపు ఇస్తాం' అని చీటీ పెట్టడం కూడా పెద్ద వేదికల నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోతుంది.

మరో ఇబ్బంది ఉంది. వెతికినప్పుడు మన 4,000 రూపాయల చీర పక్కనే 600 రూపాయల ప్రింటు చీర కనిపిస్తుంది. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా కనిపిస్తుంది, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ సంగతి తెలిసినవారే మన ధర ఇస్తారు. తెలియజెప్పే బాధ్యత మనదే.

లెక్క చూద్దాం

మా పుస్తకంలోని సగటు లెక్క ఇది. పది చీరలు పంపితే రెండు తిరిగి వస్తాయనుకుందాం.

వేదిక ద్వారా: 8 చీరలు × 4,000 = 32,000. రుసుములు, రవాణా ఒక్కోదానికి 720 చొప్పున 5,760. తిరిగి వచ్చిన రెండింటికి 360. చేతికి వచ్చేది 25,880.

నేరుగా: చీర 3,800కే ఇచ్చినా 8 చీరలకు 30,400. స్పీడ్ పోస్టు, పెట్టె ఖర్చు 150 చొప్పున 1,200. చేతికి వచ్చేది 29,200.

కొన్నవారికి చీరకు 200 మిగిలింది, మనకు చీరకు 415 ఎక్కువ వచ్చింది. తెలిసినవారు రంగు ముందే అడిగి కొంటారు కాబట్టి నేరు అమ్మకంలో వాపసులు దాదాపు లేవు. అయితే ఫోనులో జవాబు చెప్పే సమయం కూడా ఖర్చే అని మరువరాదు.

మేము చేసిన పనులు

1. పేరు పెట్టాం: అమ్మ పేరుతో ఒక గుర్తు తయారు చేసి వేదికలోని పేజీలో, చీర చీటీ మీద, పెట్టె మీద అదే వాడాం. పేరు గుర్తున్నవారు తామే వెతుక్కుని వస్తే అది ఎవరినీ మోసం చేయడం కాదు. ట్రేడ్‌మార్కుకు వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు.

2. పరిచయ పత్రం: నేసినవారి పేరు, ఎలా ఉతకాలి, అసలు ఇక్కత్‌ను ఎలా గుర్తుపట్టాలి అనే మూడు సంగతులు మాత్రమే రాశాం. ఫోను నంబరు, తగ్గింపు మాట రాయలేదు.

3. వెతికితే దొరికేలా: గూగుల్ మ్యాపులో మా ఇంటి మగ్గాన్ని ఉచితంగా నమోదు చేశాం. అదే పేరుతో ఇన్‌స్టాగ్రామ్ పేజీ, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టాం. ఫోటోలు ఇప్పుడు పగటి వెలుతురులోనే తీస్తున్నాం.

4. నేరు పరిచయాలు: ఖాతా ఆగిన రోజుల్లో మాకు దారి చూపింది ఒక ఉపాధ్యాయురాలు. అంతకుముందు మగ్గం చూడటానికి వచ్చి నాన్నకు తన నంబరు ఇచ్చి వెళ్లారు. ఫోను చేస్తే రెండు చీరలు తీసుకుని, తోటి టీచర్లకు చెప్పారు. 17 చీరల్లో 11 అలా పోయాయి. అప్పటినుంచి ప్రదర్శనల్లో, కాలేజీ వేడుకల్లో కలిసినవారిని అడిగి, ఒప్పుకున్నవారి నంబర్లే రాసుకుంటున్నాం. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అనుమతి ముఖ్యమనే అంటుంది.

5. వాడుక నిలుపుకోవడం: రోజూ సందేశాలు పంపితే విసుగు. ఉగాది, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, బతుకమ్మ, సంక్రాంతి. ఏడాదికి నాలుగే సందేశాలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరును దాచుకున్నవారికే చేరుతుంది కాబట్టి, ముందు ఆ మాట అడగాలి.

చట్టం సంగతి

విదేశీ పెట్టుబడి ఉన్న వేదిక 'మా దగ్గర మాత్రమే అమ్మాలి' అని అమ్మకందారును నిర్బంధించరాదని 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన కేంద్ర నిబంధన చెబుతోంది. కనుక సొంతంగా అమ్ముకోవడం మన హక్కు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందారులు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండానే నమోదు సంఖ్య తీసుకుని, తమ రాష్ట్రం లోపల వేదికల ద్వారా సరుకు అమ్మవచ్చు. నేరుగా అమ్మినా బిల్లు ఇవ్వాలి, బాగా లేకపోతే వెనక్కి తీసుకోవాలి. మాట తప్పితే ఆ నంబరు మన పుస్తకంలో ఉండీ లేనట్టే.

ముగింపు

వేదికను మేము వదలలేదు. కొత్త ముఖం అక్కడే పరిచయమవుతుంది. ప్రస్తుతం పది చీరల్లో ఆరు వేదికలో, నాలుగు నేరుగా పోతున్నాయి. మళ్లీ ఖాతా ఆగినా మగ్గం ఆగదు. మా ఎం.కాం. ఫీజు ఈ నాలుగింటి నుంచే కట్టాం.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఒక నోటు పుస్తకం కొనివ్వండి. పేరు, ఊరు, ఏం కొన్నారు, ఏ రంగు ఇష్టం అనే నాలుగు గళ్లు గీయండి. వారికి రాయడం రాకపోతే మీరే రాయండి. మా నాన్న పుస్తకంలో ఇప్పుడు 143 పేర్లున్నాయి. ఆయనకు చదవడం రాదు. కానీ ఏ పేజీలో ఎవరున్నారో చూడకుండానే చెబుతారు.