పరీక్ష ముగిసిన పిమ్మట

రసాయనశాస్త్ర పరీక్ష ముగిసినది. దిండి వద్ద వశిష్ఠ గోదావరి గట్టున మన విద్యార్థులు జవాబులు సరిచూచుకొనుచుండగా మేము విన్నాము. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరికామ్లపు పి.హెచ్. ఎంత? నలుగురు 8 అన్నారు. 6.98 అని వ్రాసిన ఐదవవాని ముఖము చిన్నబోయినది.

పి.హెచ్. 8 క్షార లక్షణము. ఆమ్లమును నీటితో ఎంత పలుచన చేసినను అది క్షారము కానేరదు. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద శుద్ధజలమే లీటరుకు 10⁻⁷ మోలుల హైడ్రోజన్ అయానులనిచ్చును. ఇంత పలుచని ఆమ్లమున వీనిని విస్మరింపరాదు. ఆమ్లము చేరుటచే నీటి అయనీకరణము కొంత తగ్గును. మొత్తము సుమారు 1.05 × 10⁻⁷ అగును. అందుచే పి.హెచ్. 6.98.

నలుగురి మాట ఋజువు కాదు, లెక్కయే ఋజువు. 8 వ్రాసినవారును కుంగరాదు. పోయినది ఒక ప్రశ్న మాత్రమే. దిగులుతో రేపటి పరీక్షను పోగొట్టుకొనకుడు.