వల్లభభాయి పురసేవ

సర్దారు వల్లభభాయి పటేలు పేరు వినగానే, వందలకొలది సంస్థానములను భారతదేశమున విలీన మొనర్చిన ధీరుడు ఎల్లరకును స్ఫురించును. కాని అంతటి కార్యమునకు వలసిన దక్షత అతనికి ఒక్కనాట అలవడినది కాదు. మొదట నతడు న్యాయవాది. నలువది యొక్క యేండ్ల వయస్సున అహమ్మదాబాదు పురపాలక సంఘమున సభ్యుడై ప్రజాజీవితమున నడుగిడెను. వీథులు, మురుగు కాలువలు, మంచినీటి గొట్టములు అతని తొలి పాఠశాల లయ్యెను.

వల్లభభాయి 1875 అక్టోబరు 31వ తేదీన గుజరాతులోని నడియాదులో జన్మించెను. అతనిది రైతు కుటుంబము. ఇరువది రెండేండ్లు నిండిన పిమ్మట గాని మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణుడు కాలేదు. కళాశాలలో చదువుటకు ధనము లేకపోయెను. ఎరవు తెచ్చుకొన్న పుస్తకములను ఇంటనే చదివి, 1900 సంవత్సరమున ప్లీడరు పరీక్షలో గెలుపొంది, గోధ్రాలో వృత్తి నారంభించెను. అచ్చట నొక మిత్రునకు ప్లేగు సోకగా, వెరవక తానే శుశ్రూష చేసెను. ఆ వ్యాధి తన్నును పట్టుకొనెను. వెంటనే భార్యను దూరముగా పంపివేసి, తాను వేరుగా నుండి మెల్లగా కోలుకొనెను. ప్లేగు భయంకరత్వ మెట్టిదో అతనికి ఈ విధముగా స్వానుభవమున తెలిసెను.

తరువాత బోర్సదులో క్రిమినలు వ్యాజ్యములను వాదించి పేరు గడించెను. అతని యడ్డుప్రశ్నలకు దొంగసాక్షులు గడగడలాడుచుండిరి. కూడబెట్టిన ధనముతో 1910లో ఇంగ్లండునకు పోయి, బారిష్టరై, 1913లో మరలివచ్చి అహమ్మదాబాదులో స్థిరపడెను. విలువైన ఆంగ్లేయ దుస్తులు, చేతినిండ వ్యాజ్యములు, సాయంకాలమున గుజరాతు క్లబ్బులో పేకాట — ఇట్లు అతని దినములు సుఖముగా గడచుచుండెను. 1916లో గాంధీ మహాత్ముడు ఆ క్లబ్బునకు వచ్చి ప్రసంగించుచుండగా, వల్లభభాయి ఆట విడిచి లేవలేదు. గోధుమలలో రాళ్ళేరినచో స్వరాజ్యము వచ్చునా యని ప్రక్కనున్న మిత్రునితో పరిహాసమాడెను.

నాడు అహమ్మదాబాదు రెండు లక్షలకు మించిన జనము గల నగరము. బట్టల మిల్లులు నానాటికి పెరుగుచుండెను. కూలివారు పల్లెలనుండి వచ్చి చేరుచుండిరి. ప్రాకారము లోపలి యిరుకు సందులలో గాలి వెలుతురులు తక్కువ. మురుగు పోవు దారి చాలదు. ఇట్టి నగరమునకు పురపాలక సంఘ సభ్యుడగుట జీతము లేని చాకిరి. అయినను మిత్రులు ప్రోత్సహింపగా వల్లభభాయి 1917లో ఎన్నికలలో నిలిచి గెలిచెను. పిదప పారిశుద్ధ్యోపసంఘమునకు అధ్యక్షు డయ్యెను.

ఆ కాలమున పెద్ద పురపాలక సంఘములకు ప్రభుత్వము తన యుద్యోగిని కమీషనరుగా పంపుచుండెను. అహమ్మదాబాదునకు వచ్చిన ఆంగ్లేయ కమీషనరు ప్రజాప్రతినిధులను లెక్కసేయక అధికారము చెలాయించుచుండెను. వల్లభభాయి కేకలు వేయలేదు, బెదరిపోలేదు. వ్యాజ్యమునకు సిద్ధపడు న్యాయవాది వలె, ఆ యధికారి చేసిన తప్పులకు ఆధారములను సమకూర్చుకొని సభ యెదుట నుంచెను. తుదకు ఆ కమీషనరు అచ్చటనుండి తొలగిపోవలసి వచ్చెను. న్యాయస్థానమున నేర్చిన విద్య పురమందిరమున నిట్లు అక్కరకు వచ్చెను.

ఆ సంవత్సరమే అహమ్మదాబాదున ప్లేగు చెలరేగెను. పాఠశాలలు మూతపడెను. శక్తిగలవారు నగరమును విడిచిపోవ నారంభించిరి. వల్లభభాయి భార్య అప్పటికే గతించెను. ఇద్దరు బిడ్డలకు అతడొక్కడే దిక్కు. పైగా ఆ వ్యాధి యెట్టిదో అతడెరుగును. అట్లయ్యు నగరమును వీడలేదు. వీథివీథి తిరిగి కాలువలను శుభ్రపరపించెను. వ్యాధి సోకిన ప్రదేశములందు మందులు చల్లించెను. ఇంతటి సాహసమేల యని మిత్రులు వారింప, అతడు మిన్నకుండెడివాడు. ఆ మౌనమునకు అర్థము వారికి తెలియుచునే యుండెను. ప్రజలు నమ్మి యప్పగించిన పనిని వదలి తానే పారిపోయినచో, కాలువలో దిగి పనిచేయు కూలివానిని నిలిచి పనిచేయుమని చెప్పుటకు తనకు హక్కెక్కడిది?

ఇంతలో గాంధీజీ యందు అతనికి గల భావము మారెను. ఒకప్పుడు పరిహాసమాడిన వానికే అనుచరుడై, 1918లో ఖేడా రైతుల సత్యాగ్రహమున పనిచేసెను. సహాయ నిరాకరణోద్యమ కాలమున బారిష్టరు వృత్తిని వదలి ఖద్దరు ధరించెను. పురపాలక సంఘము తన పాఠశాలలపై ప్రభుత్వపు పెత్తనమును నిరాకరింపగా, 1922లో ప్రభుత్వము ఆ సంఘమునే రద్దుచేసెను. అయినను పురజనులు అతనిని మరువలేదు. 1924లో మరల ఎన్నికలు జరిగినప్పుడు అతని పక్షమువారు గెలిచిరి. వల్లభభాయి అధ్యక్షు డయ్యెను.

అధ్యక్షుడైన పిమ్మట స్వచ్ఛంద సేవకులతో గూడి తానే చీపురు చేతబట్టి వీథులూడ్చెను. ఆ పని నగరములోని సంపన్నుల వీథులతో మొదలుకాలేదు. ఆ కాలమున అస్పృశ్యులుగా నెంచబడిన వారి వాడతో మొదలయ్యెను. మురుగు కాలువలను, మంచినీటి వసతిని విస్తరింపజేయుటకు అతడు పూనుకొనెను. 1927 జూలైలో సంవత్సరమంతయు పడవలసిన వాన కొలది దినములలోనే కురిసి, నగరము జలమయ మయ్యెను. అధ్యక్షుడు ఆజ్ఞలు పంపి యింట గూర్చుండలేదు. రాత్రివేళ ఆ కుంభవృష్టిలో పురపాలక ఇంజనీరును వెంటగొని తిరిగి, నిలిచిన నీరు పోవుటకు దారులు చేయించెను.

1928లో అధ్యక్షపదవిని విడిచి, బార్డోలీ రైతులకు నాయకత్వము వహించి 'సర్దారు' అనిపించుకొనెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దేశమునకు ఉపప్రధానియై, సంస్థానముల విలీనమును నిర్వహించెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలియుట తెలుగువారు మరువరాని ఘట్టము. 1950 డిసెంబరు 15వ తేదీన అతడు కీర్తిశేషు డయ్యెను.

పదవులెన్ని వచ్చినను పురసేవ చేసిన దినములను వల్లభభాయి ప్రీతితో స్మరించెడివాడు. నగరములోని మాలిన్యమును తొలగించినవానికి రాత్రి సుఖముగా నిదుర పట్టును గాని, రాజకీయములలోని మాలిన్యమును తొలగింప బూనినవానికి నిదురయే రాదని ఒకమారు చమత్కరించెను.

ఒక వృత్తిలో గడించిన నేర్పు ఆ వృత్తితోనే ముగిసిపోదు. న్యాయవాది యైనను, వైద్యుడైనను, ఉపాధ్యాయుడైనను తన నేర్పును తన యూరికి వినియోగింపవచ్చును. అయితే నేర్పొక్కటే చాలదు. ఆపద వచ్చినప్పుడు నిలిచియుండు గుండె నిబ్బరము కావలయును. కాలువలోని బురదను చూచి ముక్కు మూసికొనని వాడే దేశభారమును మోయుటకు తగినవాడగును.

ప్రశ్నలు

1. ప్లేగు కాలమున వల్లభభాయి నగరమును విడువకపోవుటకు కారణమేమి?
2. న్యాయవాదిగా అతడు గడించిన నేర్పు పురపాలక సంఘమున నెట్లుపయోగపడెను?
3. గాంధీజీని మొదట పరిహసించిన వల్లభభాయిలో కలిగిన మార్పును వివరింపుము.
4. నీ యూరిలో పారిశుద్ధ్యము, మంచినీరు ఎవరి బాధ్యతలో నున్నవో తెలిసికొని వ్రాయుము.