మృతుని గూర్చి విచారించువారెవరు?

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 18:9-14, 21:1-9, 2 సమూయేలు 21:8-14

పట్టణములో చదువుకొనుచున్న మన సంఘపు యౌవనుడొకడు సెలవులకు వచ్చి, ఒక ఇంగ్లీషు నవలను మాకు చూపి, "అయ్యగారూ, ఇది దయ్యపు కథ. విశ్వాసులు చదువవచ్చునా?" అని అడిగెను. అది శ్రీలంక రచయిత షెహాన్ కరుణతిలక వ్రాసిన "ది సెవెన్ మూన్స్ ఆఫ్ మాలి అల్మేడా." 2022లో బుకర్ బహుమానము పొందిన గ్రంథము. సందేహముతోనే చేత పట్టితిమి గాని, ముగించువరకు విడువలేకపోతిమి.

కథ 1990 నాటి కొలంబో నగరములో జరుగును. యుద్ధమును ఫొటోలు తీయు మాలి అనువాడు చనిపోయి, ఆత్మలు గుంపులుగా నిలిచియున్న కచ్చేరి వంటి చోట మేలుకొనును. అతని శవము బెయిరా చెరువులో నున్నది. చంపినదెవరో అతనికి జ్ఞాపకము లేదు. ఏడు రాత్రులే గడువు. హతుడును అతడే, డిటెక్టివును అతడే! 1983లో తమిళులమీద జరిగిన ఘోరములను చూపు ఫొటోలు అతడు దాచియుంచెను. అవి బయటపడవలెనని అతని తపన. అయితే బ్రదికియున్న స్నేహితుల చెవిని అతని మాట పడదు. అందుకై ఒక మంత్రగాని నాశ్రయించును.

ఇందులో మోటుమాటలు మెండు. పిల్లల చేతికి ఇయ్యదగినది కాదు. మరణము తరువాతి స్థితిని గూర్చిన దాని ఊహలు మన ఉపదేశమును కావు. ఆ మంత్రగాని సంగతి చదువునప్పుడు ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చెను. చచ్చినవారి యొద్ద విచారణ చేయుట దేవుని ప్రజలకు నిషేధము. సోదెగాండ్రను దేశమునుండి వెళ్లగొట్టిన సౌలే రాత్రివేళ మారువేషముతో ఏన్దోరుకు పోయెను. ఓదార్పు దొరకక నేలను పడెను.

ఇది పాతకాలపు మాట యనుకొనవద్దు. అనుమానపు చావు జరిగిన ఇంట, "సోదె అడిగించుడి, ఎవరు చేసిరో తెలియును" అను బంధువులు నేటికిని కలరు. సోదెలో ఒక పేరు వచ్చును. ఎక్కువగా అది దిక్కులేని విధవరాలి పేరే. చేతబడి నిందమీద దెబ్బలు తినినవారును, ప్రాణము పోగొట్టుకొనినవారును మన తెలుగు రాష్ట్రములలో కలరు. దేవుడెందుకు వద్దనెనో ఇక్కడ కనబడుచున్నది.

అయితే మూడు అధ్యాయముల తరువాత చూడుడి. పొలములో ఒక శవము పడియున్నది. చంపినవాడు తెలియదు. పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవము నుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరి ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏటిలోయకు తోలుకొనిపోయి, దాని మెడ విరుగదీసి, చేతులు కడుగుకొని, దేవుని యెదుట మాట చెప్పవలెను. మృతుని నడుగ కూడదు. మృతుని గూర్చి అడుగక మానకూడదు. మొదటి ఆజ్ఞను మన సంఘములలో గట్టిగానే బోధించితిమి. రెండవదానిమీద ప్రసంగము వినినట్లు మాకు జ్ఞాపకము లేదు, మేమును చేయలేదు.

రిస్పా సంగతియు చదువుడి. ఆమె సోదెకు పోలేదు. కోతకాలము మొదలుకొని వాన కురియువరకు గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు, తన కుమారుల శవముల యొద్ద కూర్చుండెను. అది విని రాజు కదలెను, ఎముకలు పాతిపెట్టబడెను. మాలి కల్పిత పురుషుడు. అయితే అతని దేశములో యుద్ధము 2009లో ముగిసిన తరువాత, 2017లో, కిళినొచ్చిలో తమిళ తల్లులు కనబడకపోయిన బిడ్డల ఫొటోలు పట్టుకొని రోడ్డు ప్రక్కన కూర్చుండిరి. వారు కల్పితము కారు.

పుస్తకమును తిరిగి ఇచ్చుచు ఈ భాగములను ఆ యౌవనునికి చూపితిమి. అతడు చదివి, "అయ్యగారూ, రెండు ఊళ్లు సమానదూరములో నున్నయెడల?" అని అడిగెను. బుధవారపు కూడికలో ఈ ప్రశ్నతోనే పాఠము ప్రారంభించుదము. పెద్దలు తప్పక రావలెను.