డిస్కులు కొనబోయే అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా చూశాను. ఎనిమిది ఛానళ్ల ఇంటర్‌ఫేస్, మైకులు, స్టాండ్లు అన్నీ బాగానే ఎంచావు. సెకనుకు 7,000 మెగాబైట్లు చదివే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డ్రైవు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఉన్న డబ్బులో పెద్ద ముక్క దానికే పోతోంది, బ్యాకప్ అన్న మాటే జాబితాలో ఎక్కడా లేదు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌లో ఒక మోనో ట్రాకుకి సెకనుకు 1,44,000 బైట్లు కావాలి. నీ గాత్రం, వీణ, మృదంగం, తంబూరా అంటూ ఎనిమిది ట్రాకులూ ఒకేసారి నింపినా సెకనుకు 1.15 మెగాబైట్లే. మామూలు 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కు కూడా వరసగా రాసుకుంటూ పోతే 150 దాటుతుంది. ఈ పనికి ఏడు వేల డ్రైవు కొనడమంటే చెంబు నీళ్లకు కాలువ తవ్వించడమే. 96 కిలోహెర్ట్‌జ్‌కి పోతే రెట్టింపవుతుంది, అంతకంటే ఏమీ లేదు. 48లోనే అయితే గంట రికార్డింగుకి నాలుగు జీబీల పైచిలుకు, అంటే ఒక టీబీలో దాదాపు 240 గంటలు పడుతుంది. అన్ని గంటలు పాడాక మాట్లాడుకుందాం.

అయినా ఎస్‌ఎస్‌డీయే కొను. హార్డ్‌డిస్కు తిరిగే రొద, బల్లలోంచి స్టాండులోకి పాకే అదురు కండెన్సర్ మైకు పట్టేస్తుంది. నీకున్నది ఒకటే గది కదా. ఇంకో కారణం నీ సినిమా పాటలు. కీబోర్డు మీద వయొలిన్ల బృందాన్ని వాయిస్తున్నప్పుడు కాంటాక్ట్ లాంటి సాంప్లర్ ప్రతి స్వరం మొదటి తునకను మాత్రమే ర్యామ్‌లో ఉంచుకుంటుంది. మిగతాది డిస్కు నుంచి అప్పటికప్పుడు లాగుతుంది. నువ్వు ఒక కార్డ్ నొక్కితే డిస్కు మీద ఎక్కడెక్కడో ఉన్న పదుల కొద్దీ ఫైళ్లు ఒకేసారి కావాలి. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. హెడ్డు జరిగే సమయం దానికి అదనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోయే సాటా ఎస్‌ఎస్‌డీ కూడా నీ వయొలిన్లకు సరిపోతుంది. ఎన్‌వీఎంఈ అదే ధరకు దొరికితే తీసుకో, కాదనను. అందులో మధ్యరకం చాలు.

రికార్డింగులో టప్ టప్ మని చప్పుళ్లు వస్తే నీ స్నేహితులు ముందు డిస్కు మార్చమంటారు. మార్చకు. చాలాసార్లు అది బఫర్ మరీ తక్కువ పెట్టడం వల్లో, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వల్లో, వైఫై వల్లో వస్తుంది.

సిస్టమ్‌కి ఒక డిస్కు, ఆడియోకి వేరే డిస్కు అన్న పాత నియమం హార్డ్‌డిస్కుల కాలంలో పుట్టింది. ఒకే హెడ్డు విండోస్ కోసమూ పాట కోసమూ పరిగెత్తాల్సి వచ్చేది. ఎస్‌ఎస్‌డీతో ఆ ఇబ్బంది లేదు. అయినా వేరుగానే పెట్టమంటాను. విండోస్ మొరాయించి మళ్లీ ఎక్కించాల్సి వస్తే సెషన్ల జోలికి పోనక్కర్లేదు. క్యూఎల్‌సీ రకమని షాపులో తక్కువకిస్తే భయపడకు. పెద్ద మొత్తంలో కాపీ చేసేటప్పుడు, లోపలి క్యాష్ నిండాక నెమ్మదిస్తుంది తప్ప, నీ 1.15 మెగాబైట్లు దానికి లెక్కలోకి రావు.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే మాత్రం కన్నెత్తి చూడకు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పెద్ద డ్రైవులా కనబడేట్టు కంప్యూటరుకి అబద్ధం చెప్పిస్తారు. అసలు చోటు నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి, లేదా గాలిలో కలుస్తాయి. ఏ డ్రైవు కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో ఒకసారి పూర్తిగా నింపి చదివించు. 1 టీబీ డ్రైవు విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తే అది మోసం కాదులే, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

ఇక మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను: బ్యాకప్ మీద. 1998లో పిక్సార్ వాళ్లు టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందనుకున్నారు, తీరా చూస్తే అది పనిచేయడం లేదు. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గ్యాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని దగ్గరున్న కాపీ వాళ్లని కాపాడింది. అంత పెద్ద స్టూడియోకే ఆ గతి పట్టింది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో ఉండాలని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన సూత్రం నీకూ పనికొస్తుంది.

బ్యాకప్‌కి హార్డ్‌డిస్కులే తీసుకో, రెండు. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా దాస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే, అందులోనూ బెజవాడ ఎండల్లో, ఆ ఆవేశం కారిపోవచ్చు. రెండున్నర అంగుళాల డిస్కు ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటుంది. మూడున్నర అంగుళాలదైతే విడిగా అడాప్టరు కావాలి, కాపీ మధ్యలో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. యూపీఎస్ లేని ఇంటికి చిన్నదే మేలు. ఫోన్ చార్జింగు కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీని కలపకు. చూడ్డానికి టైప్-సీయే అయినా చాలావరకు లోపల యూఎస్‌బీ 2.0యే ఉంటుంది. కాపీ తెల్లారేదాకా సాగుతుంది. డబ్బాలో వచ్చిన కేబులే వాడు. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక పాత సెషన్ తెరిచి, ట్రాకులన్నీ వినబడుతున్నాయో లేదో చూసుకో.

కొనడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వస్తానంటే నేనూ వస్తాను. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి, వారంటీకి అదే ఆధారం. రెండో డిస్కు మా ఇంట్లో ఉంచుదాం. పండక్కి వచ్చినప్పుడల్లా కొత్త కాపీ ఇచ్చి పాతది పట్టుకెళ్దువుగాని. అక్కకి, బావగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య