త్రిఫల చూర్ణము: ఎప్పుడు వాడవలెను, ఎప్పుడు కూడదు

కోనసీమలోని ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. బియ్యపు జావతో తీసిన రేకులలో నేయి, బెల్లము చేర్చి చుట్టు ఈ తీపికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే తెల్లని అన్నములోను, తీపి పదార్థములలోను పీచు స్వల్పము. ఆకుకూరలు, మంచినీరు తగ్గినచో మలబద్ధము కలుగును. కావున మొదట ఆహారమును సరిచేసికొనవలెను.

అప్పటికిని తగ్గనిచో ఆయుర్వేదము చెప్పు సులభమైన మందు త్రిఫల చూర్ణము. ఎండిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల గింజలు తీసివేసి, పెచ్చులను సమభాగములుగా దంచి, పలుచని బట్టతో జల్లించి, తడి తగలని సీసాలో నుంచవలెను. పెద్దలు రాత్రి పడుకొనబోవు ముందు ఒక చిన్న చెంచాడు గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవచ్చును. కొలది దినములలో గుణము కానరానిచో వైద్యుని చూడవలెను.

కడుపునొప్పితోపాటు వాంతులు, జ్వరము, పొట్ట ఉబ్బరము ఉన్నచో త్రిఫలగాని, ఆముదముగాని, సునాముఖిగాని ఇయ్యరాదు. అపెండిక్స్ అనబడు ఉండుకము వాచియున్నప్పుడు విరేచనపు మందు పడినచో అది పగిలి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. 108కు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. గర్భిణులకు, పసిపిల్లలకు వైద్యుని అడుగక ఏ విరేచనపు మందును ఇయ్యకూడదు.

పంచాయతీ సభ్యులు ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.